రెండు దిండ్ల నాయిక

మెట్‌పల్లి,
ఆగస్టు 7, 1988.

చి. సౌ. ప్రమోదినికి,

గోదావరి పొంగి బస్సులు ఆగిపోవడంతో నువ్వు మీ అక్క నిర్మలను చివరిసారి చూడలేకపోయావు. దినాలకు వచ్చినప్పుడేమో ఇంటినిండా జనం. ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున మామూలుగానే లేచింది. టీ పెట్టింది. చిక్కుడుకాయలు తుంచుతూ నీ నాటకంలో తన మాటలు అప్పజెప్పింది. అందులో అత్త మాటలు నేను చదివాను. అత్తలా చదవడం లేదని, క్లాసులో హాజరు పిలుస్తున్నట్టు చదువుతున్నానని అంది. ఇన్నేళ్ళుగా కాలేజీలో చరిత్ర చెప్పేవాడికి వేరే గొంతు రాదు.

మధ్యాహ్నం అన్నం సగంలో లేచింది. డాక్టరు తగ్గించమన్నాడు గదా అంది. ఆయాసమని పోయిన ప్రతిసారీ ఆయన అన్నం తగ్గించమన్నాడు. చెవినొప్పికి పోయినప్పుడూ అదే చెప్పాడు.

ఎండ వాలే వేళకు ఛాతీ పట్టేసినట్టుందని కూర్చుంది. జీపు మాట్లాడి కరీంనగర్ తీసుకుపోయాను. ఆస్పత్రిలో కంపౌండరు కాగితం ముందు పెట్టుకుని, "బరువెంత? మిషన్ ఖరాబైంది, అందాజుగ చెప్పున్రి" అన్నాడు. ఆమెకు మాట కష్టంగా ఉంది. నేను చెప్పాను. నిర్మల నా వైపు తిరిగి, "రెండు కిలోలు ఎక్కువ చెప్పిన్రు" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు. దీపాలు పెట్టేవేళకు పోయింది.

నిజానికి నేను రెండు కిలోలు తగ్గించే చెప్పాను.

పాడె మోసినవాళ్ళు దారిలో భుజాలు మార్చుకున్నారు. వారిలో ఒకాయన దినాలయ్యేదాకా రోజూ వచ్చి మా వసారాలో నడుము పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు రోజూ టీ ఇచ్చాను. వచ్చిన ఆడవాళ్ళు పసుపుకుంకుమలతో పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. లేచి పోతూ, జర ఒళ్ళు తగ్గించుకుంటే బతికేది అన్నారు. రెండు మాటలూ ఒకే నోటితో.

నాటకం కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. కావాలంటే పంపుతాను.

జలపతిరావు


ఇచ్చోడ,
ఆగస్టు 19.

బావకు నమస్కారం,

మీ ఉత్తరం బడిలో అందింది. పిల్లలను ఎక్కాలు రాయమని, గోడవైపు తిరిగి చదివాను. రెండు కిలోల మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. టీచర్ నవ్వుతోందని పిల్లలు చూశారు. ఆ తర్వాత ఏం చూశారో నేను గమనించలేదు.

నాటకం ఆగకూడదని మా మహిళా మండలి తీర్మానించింది. దసరా అయిన వారంలో ఇక్కడ మా బడి హాల్లో ఒక ప్రదర్శన, ఆ తర్వాత ఆదిలాబాద్‌లో జిల్లా పోటీలు. మీకు తెలిసిందే, నేను రాసిందే అక్క కోసం. లావుపాటి కోడలు నర్సవ్వను ఇంటిల్లిపాదీ తగ్గు తగ్గు అని సతాయిస్తారు. చివరికి ఆమె అద్దం ముందు నిలబడి "ఇట్లనే ఉంట" అంటుంది. నాటకం పేరు కూడా అదే.

ఆ పేరు మా అధ్యక్షురాలు జానకీబాయికి నచ్చలేదు. "ఇట్లనే ఉంట అంటె ప్రగతి లేనట్టుంటది టీచర్" అన్నారు. "స్త్రీ దేహ వికాసము" అని పెట్టమంటున్నారు. వికాసం ఎక్కువైందనే గదా నర్సవ్వకు ఇన్ని తిప్పలు, అని నేను అనలేదు.

నర్సవ్వ వేషానికి మనిషి దొరికింది. ఆ సైజు జాకెట్ మాత్రం ఇక్కడ దొరకడం లేదు. అక్కవి ఏవైనా ఉంటే ఒకటి పంపగలరా. అడగడానికి నోరు రాదు కాబట్టి రాస్తున్నాను.

మీ మరదలు,
ప్రమోదిని


మెట్‌పల్లి,
ఆగస్టు 28.

చి. సౌ. ప్రమోదినికి,

నిర్మల బట్టలు దినాల్లోనే ఇచ్చేశాం. ఆనవాయితీ. జాకెట్లు లేవు.

వేషం ఎవరు వేస్తున్నారో రాయలేదు. ఆ సైజు మనిషి దొరికితే ఆ సైజు జాకెట్ ఆమె ఇంట్లోనే ఉండాలి గదా.

మా మేనమామ కొడుకు జైపాల్‌రావు నిన్న వచ్చాడు. ఒక సంబంధం ఉందన్నాడు. "సన్నగ పుల్లలెక్క ఉంటది, ఇగ నీకు ఫికర్ లేదు" అన్నాడు. నేను చెప్పులు వేసుకుని ఆయన్ను బస్టాండుకు సాగనంపాను. ఆయన బస్సుకు ఇంకా చాలా టైముంది.

జలపతిరావు


ఇచ్చోడ,
సెప్టెంబర్ 6.

బావకు నమస్కారం,

మీరు ఆ ప్రశ్న అడగరని ఆశపడ్డాను. చరిత్ర చెప్పేవాళ్ళు అడక్క మానరు.

నర్సవ్వ వేషం వత్సలది. జానకీబాయి కోడలు. పక్కకు తిరిగితే ఆ పిల్ల కనబడదు. అందుకని ముందొక దిండు, వెనకొక దిండు పెట్టి లంగా నాడాలతో బిగిస్తున్నారు. జానకీబాయి వాళ్ళది పత్తి వ్యాపారం, దూదికి కొదవ లేదు. దిండ్ల మీద తొడగడానికే జాకెట్ అడిగాను.

మా మండలిలో నిజంగానే లావుపాటి మనిషి ఒకరున్నారు. పేరు అనసూర్య. భర్త దశరథం ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ పోయే బస్సులో కండక్టరు. అక్క పోయాక వేషాలు మళ్ళీ పంచిన రోజే ఆమె లేచి, "నర్సవ్వ నేనేస్త. నాకు దిండ్ల ఖర్చు గూడ లేదు" అంది. జానకీబాయి ఆమె చెయ్యి పట్టుకుని ప్రేమగా కూర్చోబెట్టారు. "ఏమనుకోకు చెల్లె. నిజంగ లావున్నామెను నిలవెడితే జనం నాటకం చూస్తరా, నిన్ను చూస్తరా? నీ మంచికే చెప్తున్న" అన్నారు. గొంతు పెద్దదని ఆమెకు తెర వెనక మాటలందించే పని ఇచ్చారు. జాకెట్ అడగబోతే, "నా ఒళ్ళు అక్కెర లేనోళ్ళకు నా రైక ఎందుకు" అని తలుపేసుకుంది. దొరకడం లేదని మీకు రాసింది దీన్నే.

నిన్న రిహార్సల్‌లో వత్సల అద్దం ముందు నిలబడి, "ఈ ఒళ్ళు నాది" అనగానే నాడా తెగింది. ముందు దిండు మోకాళ్ళ మీదికి జారింది. అత్త వేషం వేస్తున్న పోస్టుమాస్టరు భార్య నవ్వు ఆపుకోలేక తెర పట్టుకుంది. తెర ఊడింది. వెనక అనసూర్య కుర్చీలో కూర్చుని పల్లీలు తింటోంది. ఆమె ఏమీ జరగనట్టే తర్వాతి మాట అందించింది: "దీంట్లకెల్లి ఇసుమంత గూడ పోనియ్య."

ఇక నాడాలను నమ్మేది లేదని, దిండ్లను జాకెట్ లోపలే కుట్టెయ్యాలని జానకీబాయి నిర్ణయించారు.

నేనెందుకు ఊరుకున్నానని అడుగుతారు. బడి హాలు తాళంచెవి ఆమె దగ్గరుంటుంది. నాటకమే లేకపోవడం కన్నా దిండ్లతో ఉండడం నయమనుకున్నాను. మీకు రాస్తుంటే నయమనిపించడం లేదు.

ప్రమోదిని


మెట్‌పల్లి,
సెప్టెంబర్ 14.

చి. సౌ. ప్రమోదినికి,

జాకెట్లు లేవని రాశాను. ఒకటి ఉంది.

బట్టలన్నీ ఇచ్చేసిన తర్వాత దర్జీ సిద్దిరాములు పొట్లం పట్టుకుని వచ్చాడు. గడప దాటలేదు. "అమ్మ నాటకానికని కుట్టించిన రైక సార్. ఇయ్యాల్నా వద్దా అని ఇన్నొద్దులు ఆగిన" అన్నాడు. మెరూన్ రంగు, చేతులకు ఆకుపచ్చ అంచు.

కొత్త జాకెట్ కుట్టించడానికి కొలత కోసం పాతదొకటి ఆదికి ఇస్తారు గదా. నిర్మల ఎప్పుడూ కొన్నేళ్ళ కిందటిదే ఇచ్చేది. దీపావళి నాటికి అందులో పడతానని ఆమె నమ్మకం. ఏ దీపావళికీ పడలేదు. అన్నీ బిగుతే. విప్పితే చేతుల మీద ఎర్రటి చార ఉండేది. సిద్దిరాములు సంగతి తెలిసి, ఎప్పుడైనా వదులు చేయడానికి కుట్ల లోపల గుడ్డ మడిచి వదిలేవాడు. ఆమె ఆ కుట్లు విప్పనిచ్చేది కాదు.

ఈ ఒక్కదానికి మాత్రం, "ఆదికన్న రెండు వేళ్ళు వదులు పెట్టు, నాటకంల ఊపిరి పీల్చుకోవాలె" అందట. ఆమె తన ఒంటికి సరిపడా కుట్టించుకున్నది ఇదొక్కటే. తొడుక్కోలేదు.

దీని లోపల దిండ్లు కుట్టనివ్వను. జానకీబాయిగారికి నా నమస్కారాలు చెప్పి ఈ మాట చదివి వినిపించు: దిండ్లు లేకుండా ఇది ఎవరికి సరిపోతే వారికి ఇస్తాను. ఆమెకు దిండ్ల మీదే గురి ఉంటే వేషం వాటికే ఇవ్వవచ్చు. మాటలు ఎలాగూ అనసూర్య చెబుతుంది.

జలపతిరావు


ఇచ్చోడ,
సెప్టెంబర్ 23.

బావకు నమస్కారం,

మీ ఉత్తరంలో ఆ మూడు వాక్యాలు మండలిలో చదివాను. అందరూ జానకీబాయి వైపు చూశారు. లేచింది మాత్రం వత్సల.

"అత్తమ్మా, పెండ్లయినకాడికెల్లి నన్ను బొక్కల మూట అంటున్నరు. పాలల్ల నెయ్యి పోసి తాగిపిస్తున్నరు. ఇంట్లనేమో లావు కమ్మంటరు, కాకపోతే ఈడ దిండ్లు కట్టి లావు చేస్తరు. నన్ను గూడ ఇట్లనే ఉండనియ్యున్రి" అంది.

అని, దిండ్లు రెండూ విప్పి వెనక కుర్చీలో పెట్టింది. జానకీబాయి చూసుకోకుండా వాటి మీదే కూర్చున్నారు. కాస్త ఎత్తుగా కనిపించారు.

అప్పుడు అనసూర్య తెర వెనక నుంచి వచ్చి, అద్దం ముందు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా నర్సవ్వ మాటలు చెప్పింది. అందించేవాళ్ళు లేరు, అవసరమూ పడలేదు. ఆ మాటలు రాసినప్పుడు నాకు అక్క గొంతులోనే వినబడేవి. ఇంకొకరి గొంతులో కూడా బాగున్నాయనిపించింది. అలా అనిపించినందుకు నామీద నాకు కోపం వచ్చింది.

జానకీబాయి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. నాటకం రోజు హాలు గుమ్మంలో బరువు మిషన్ పెట్టి వచ్చినవాళ్ళందరినీ ఉచితంగా తూచాలట. నాటకం కాగానే ముఖ్య అతిథి డాక్టరుగారు లావు తగ్గే మార్గాల గురించి మాట్లాడతారట. "నాటకమేమో మనసుకు, గిదేమో ఆరోగ్యానికి. జనానికి రెండు లాభాలుండాలె గద టీచర్" అన్నారు. మా ఆయన లింగారావును అడిగితే, నాటకం నచ్చనివాళ్ళకు కనీసం బరువైనా తెలుస్తుంది అన్నాడు. ఇంట్లో నాకు దొరికే సాయం ఈ తీరుగా ఉంటుంది.

అనసూర్య తన ఆది జాకెట్ పంపింది. దశరథం మెట్‌పల్లి బస్టాండులో మీకిస్తాడు. కొలిచి చూడండి.

ప్రమోదిని


మెట్‌పల్లి,
సెప్టెంబర్ 30.

చి. సౌ. ప్రమోదినికి,

దశరథం ఇచ్చాడు.

రెండు జాకెట్లూ మంచం మీద పరిచి ఒకదాని మీద ఒకటి పెట్టాను. చేతులు, నడుము, మెడ అన్నీ సరిపోయాయి. కాసేపు అలాగే ఉంచాను. ఇచ్చోడలో అదే కొలతతో ఒక మనిషి నడుస్తోందని తెలియడం వింతగా ఉంది. చెడుగా లేదు.

ఆమెకు సరిపోతుందని చెప్పు. ప్రదర్శనకు ముందు దశరథం చేతికి ఇస్తాను. అందాకా ఇక్కడే ఉండనీ.

నన్ను పిలవకు. నేను రాను. హాల్లో కూర్చుంటే పక్కవాళ్ళు నాటకం చూడరు, నేనెప్పుడు కండ్లు తుడుచుకుంటానో అని చూస్తారు.

జలపతిరావు


ఇచ్చోడ,
అక్టోబర్ 12.

బావకు నమస్కారం,

రోజూ బతుకమ్మ ఆడి వచ్చి, పూల తడి చేతులతోనే రిహార్సల్ చేస్తున్నాం. పేరు "ఇట్లనే ఉంట" అనే ఖాయమైంది. కరపత్రం మీద మాత్రం కింద చిన్న అక్షరాల్లో "స్త్రీ దేహ వికాసము" అని కూడా ఉంటుంది. ఇప్పుడు మాటలందించేది వత్సల. గొంతు ముందు వరుసదాకా కూడా రాదు, కానీ నెయ్యి తాగడం మానేసిందట.

జాకెట్ సరిపోతుందన్న మీ మాట చెప్పినప్పుడు అనసూర్య ముఖంలో సంతోషం కనబడలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నిలబడింది. ఈ మధ్య ఆమె గొంతు తగ్గింది. మొన్న చివరి రంగంలో అద్దం చట్రం పట్టుకుని కాసేపు కండ్లు మూసుకుంది. నటన అనుకుని చప్పట్లు కొట్టాం. అడిగితే పండుగ ఉపవాసాలంది. నేను ఎక్కువ అడగలేదు. ప్రదర్శన దగ్గర పడింది, నాకు ఇంకొక నర్సవ్వ లేదు.

ఎందుకో జానకీబాయికి మాత్రం ఆమె మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. "మస్తు మారింది చూడున్రి" అని అందరికీ చూపిస్తున్నారు.

ఈ ఉత్తరం దశరథం చేతికే ఇస్తున్నాను. జాకెట్ అతనితోనే పంపండి.

ప్రమోదిని


మెట్‌పల్లి,
అక్టోబర్ 13.

చి. సౌ. ప్రమోదినికి,

జాకెట్ తీసుకుని మధ్యాహ్నం బస్టాండుకు పోయాను. ఇవ్వలేదు. ఎందుకో రాస్తున్నాను. ఇది సాయంత్రం తిరుగు బస్సులో దశరథమే నీకు తెచ్చి ఇస్తాడు.

అతను నీ ఉత్తరం ఇచ్చాడు. ఇంటామె బాగున్నదా అని మామూలుగా అడిగాను.

"ఏం బాగ సార్. అన్నం బంద్ వెట్టింది. పొద్దున ఒక జొన్నరొట్టె, మాపటికి చల్ల. అంతే."

"పండుగ ఉపవాసమా?"

"పండుగ లేదు గిండుగ లేదు. మీకు పంపిన ఆది రైక మా పెద్దపిల్ల పుట్టకముందుది సార్. ఇప్పుడు దాంట్ల ఆమె చెయ్యి గూడ దూరది. ఉన్న సైజు పంపనీకె సిగ్గయ్యింది. మీరేమో సరిపోయిందని రాస్తిరి. ఇగ నాటకం నాటికి దాంట్ల పట్టాలని కూసున్నది. ఈ సంగతి జానకీబాయికి ఒక్కామెకే చెప్పింది. గామె రోజు ఇంటికొచ్చి టేపు పెట్టి కొలుస్తున్నది. మొన్న బాయికాడ నీళ్ళు చేదుకుంట కండ్లు తిరిగి పడ్డది."

"నువ్వేమీ అనలేదా?"

"అంటె వినదు. ఇట్లనే ఉంట అంటది. నాటకంల మాటనో, నాకు చెప్పే మాటనో తెలుస్తలేదు. పరేషాన్ చేస్తున్నది సార్."

డ్రైవరు హారన్ కొట్టాడు. దశరథం ఎక్కాడు. ఫుట్‌బోర్డు మీద నుంచి, "జర మీరన్న చెప్పున్రి" అన్నాడు.

లావుపాటి స్త్రీని ఉన్నట్టే ఉండనివ్వాలని చెప్పే నాటకంలో, లావుపాటి స్త్రీ వేషం కోసం, లావుపాటి స్త్రీ ఒకామె కడుపు మాడ్చుకుంటోంది. అధ్యక్షురాలు టేపు పట్టుకుని పర్యవేక్షిస్తోంది. జిల్లా పోటీల్లో మీకు బహుమతి వస్తుంది. సందేహం లేదు.

ఆదికి పాతది ఇవ్వడం నిర్మల ఒక్కదాని అలవాటు అనుకున్నాను.

ఇది అందగానే అనసూర్య ఇంటికి పో. ఎదురుగా కూర్చుని అన్నం తినిపించు. వినకపోతే, మెట్‌పల్లిలో జాకెట్ పట్టుకున్నాయన అన్నం తిన్న మనిషికే ఇస్తానంటున్నాడని చెప్పు. ఆ టేపు జానకీబాయి దగ్గర నుంచి తీసుకో. క్లాసులో పిల్లల దగ్గర గోళీలు తీసుకుంటావు గదా, అలాగే. బరువు మిషన్‌కు "ఖరాబైంది" అని ఒక అట్టముక్క రాసి తగిలించు. కరీంనగర్ ఆస్పత్రిలో నడిచింది, ఇచ్చోడలో నడవకపోదు.

ఇంటికి వచ్చి జాకెట్ తిరగేసి చూశాను. సిద్దిరాములు తన అలవాటు మానలేదు. రెండు పక్కలా కుట్ల లోపల గుడ్డ బాగానే మడిచి పెట్టాడు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని, ఆమె కొలత అలాగే ఉండాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ కొలత నాకు గుర్తుంది. రెండు కిలోలు అటూ ఇటూ.

రేపు పొద్దున సిద్దిరాములు దుకాణం తెరిచేసరికి అక్కడ ఉంటాను. కుట్లు విప్పించి, లోపలి గుడ్డంతా వదిలించి, జాకెట్ పట్టుకుని ఇచ్చోడ మీదుగా పోయే మొదటి ఆదిలాబాద్ బస్సు ఎక్కుతాను.

జలపతిరావు